పదహారు నిండిన పిల్లాడు, ఘోర నేరం: 2000 చట్టం మేలా, 2015 చట్టం మేలా?

చిత్తూరు పక్క పల్లె నుంచి ఒకామె తిరుపతిలో మా ఆఫీసుకు వచ్చింది. ప్లాస్టిక్ కవరులో కొడుకు పదో తరగతి మార్కుల మెమో. "మా వోడు దీపావళికి పుట్టినాడు సార్. బడిలో చేర్చేటప్పుడు అయ్యోరే జూన్ ఒకటి అని రాసుకున్నాడు" అంది. కొడుకు మీద మోపిన నేరం జరిగింది ఆగస్టులో. మెమో లెక్కన పదహారు నిండి రెండు నెలలు, తల్లి లెక్కన ఇంకా పదిహేనే. ఇప్పటి బాల నేరస్థుల చట్టం (2015) ప్రకారం ఘోర నేరంలో పదహారు నిండితే పెద్దవాడిగా విచారించొచ్చు. వయసు తేల్చేటప్పుడు ఆ చట్టం మొదట చూసేది ఆ మెమోలాంటి కాగితాన్నే.

దానికి ముందున్న 2000 చట్టంలో ఈ పేచీ లేదు. పద్దెనిమిది నిండకపోతే, చేసింది హత్యే అయినా, ప్రత్యేక గృహంలో మహా అయితే మూడేళ్లు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రికి ఆ మూడేళ్ల మాట చెప్పడానికి నాకు నోరు రాదు. 2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచారం కేసులో ఒకడు పద్దెనిమిది నిండనివాడు. ఆ తర్వాత దేశమంతా రగిలింది అందుకే.

2015 చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. పదహారు నిండినవాడి మీద కనీసం ఏడేళ్ల శిక్ష పడే నేరం మోపితే, వాడికి ఆ నేరం చేసే మానసిక, శారీరక శక్తి ఉందా, పర్యవసానం తెలుసా అని పద్దెనిమిదిలోపు పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు మూడు నెలల్లో అంచనా వేసి, పెద్దవాడిగా విచారించమని బాలల కోర్టుకు పంపొచ్చు. ఉరి లేదు, విడుదలకు వీల్లేని యావజ్జీవం లేదు. 21 ఏళ్లు నిండేదాకా జైలుకు పంపరు. అప్పుడు మళ్లీ పరిశీలించి, మారాడనిపిస్తే వదిలేయొచ్చు. ఈ చట్టంలో నాకు బాగా నచ్చింది ఇదే.

భయమల్లా ఆ అంచనాతోనే. నేరం రోజు వాడి మనసెలా ఉందో నెలల తర్వాత గదిలో కూర్చోబెట్టి తేల్చాలి. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కానీ బెదిరిపోయి నోరు మెదపని పిల్లాణ్ని నిపుణులు మాత్రం ఎంత చదవగలరు? పైగా పెద్దవాడిగా దోషి అని తేలితే, మామూలుగా పిల్లలకు ఉండే రక్షణ పోయి, ఆ మచ్చ రేపు ఉద్యోగం దాకా వెంటాడుతుంది.

రెంటిలో ఒకటే అంటే 2000 చట్టమే మేలంటాను, ఆ మూడేళ్ల హద్దు మాత్రం తీసేయాలి. పద్దెనిమిదిలోపు వాళ్లంతా బోర్డు దగ్గరే ఉండాలి. ఘోర నేరమైతే 21 దాటినా ఉంచి, ఏడాదికోసారి పరిశీలించాలి. అప్పుడు రెండు నెలల తేడా ఒక జీవితాన్ని తిప్పేయదు.

ఆమె మెమోను మళ్లీ కవరులో పెట్టుకుంది. కాన్పు ఇంట్లోనే జరిగిందట, వేరే కాగితం లేదు. "టపాసులు పేలతా ఉండినాయి సార్ వీడు పుట్టేటప్పుడు. ఊరంతా సాక్ష్యమే. అది రాసుకోరా?" అని అడిగింది.