వారానికి రెండు రోజులు బడి, మిగిలిన రోజులు ఇల్లు: ఆరేళ్ల తర్వాత ఒక తల్లి సమీక్ష

మేము టెక్సాస్‌లో డాలస్ పరిసరాల్లో ఉంటున్నాము. 2019 ఆగస్టులో మా అమ్మాయిని ఐదో తరగతిలోను, అబ్బాయిని ఒకటో తరగతిలోను ఒక క్రైస్తవ హైబ్రిడ్ బడిలో చేర్పించాము. ఆరేళ్లు పూర్తయి ఇప్పుడు ఏడో ఏడు నడుస్తోంది. మంగళ, గురువారాలు క్యాంపస్‌లో తరగతులు ఉంటాయి. బుధవారం ఆన్‌లైన్‌లో ఒకటి రెండు ప్రత్యక్ష తరగతులు ఉంటాయి. సోమ, శుక్రవారాలు పూర్తిగా ఇంట్లోనే, ఉపాధ్యాయులు పంపిన ప్రణాళిక ప్రకారం మేమే చదివించాలి. ఇలాంటి బడి గురించి ఆలోచిస్తున్న తెలుగు క్రైస్తవ కుటుంబాలు మా సంఘంలోనే నాలుగైదు ఉన్నాయి కాబట్టి మా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1993లో మా పొరుగునే ఉన్న ఆర్లింగ్టన్‌లో ఒక క్రైస్తవ బడి దీన్ని మొదలుపెట్టింది. కాలేజీ విద్యార్థుల్లాగా కొన్ని రోజులే తరగతులకు వెళ్లి మిగిలిన రోజులు బయట చదువుకుంటారు కాబట్టి దీనికి యూనివర్సిటీ మోడల్ అనే పేరు వచ్చింది. చట్టపరంగా టెక్సాస్‌లో చిక్కులు తక్కువ. లీపర్ కేసులో 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇంటి చదువు కూడా ప్రైవేటు బడి కిందికే వస్తుంది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం అనే ఐదు విషయాలను నిజాయితీగా బోధించాలి. పరీక్షా ఫలితాలను ప్రభుత్వానికి పంపవలసిన పని లేదు. న్యూయార్క్, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రాల్లో నివేదికలు, మూల్యాంకనాలు తప్పవు కాబట్టి అక్కడి వారు ముందు తమ నియమాలు చూసుకోవాలి.

ఈ ఆరేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. హైబ్రిడ్ బడిని క్యాంపస్ చూసి గానీ, ఆన్‌లైన్ తరగతుల హంగు చూసి గానీ ఎంచుకోకూడదు. ఇంటి రోజుకు ఉపాధ్యాయులు రాసి పంపే కాగితాన్ని చూసి ఎంచుకోవాలి. పిల్లల వారంలో సగం ఆ కాగితం మీదే నడుస్తుంది. మొదటి సంవత్సరం మా అమ్మాయి గణితం కాగితంలో, ఫలానా పేజీ నుంచి ఫలానా పేజీ వరకు చేయించండి అన్న ఒక్క వాక్యమే ఉండేది. భిన్నాల భాగహారం క్యాంపస్‌లో ఏ పద్ధతిలో చెప్పారో నాకు తెలియక, నేను చిన్నప్పుడు నేర్చుకున్న పద్ధతిలో చెప్పేదాన్ని. మంగళవారం అది తప్పని క్యాంపస్‌లో దిద్దేవారు. రెండు నెలలు పోయేసరికి అమ్మాయి నా దగ్గర కూర్చోవడానికే భయపడింది. ఆ నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అదే సంవత్సరం లాటిన్ ఉపాధ్యాయిని పంపే కాగితం మరో రకంగా ఉండేది. ఈ రోజు కొత్తగా చెప్పవలసింది ఏమిటి, దానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, పిల్లలు సాధారణంగా ఎక్కడ తడబడతారు, లాటిన్ రాని తల్లి కూడా సమాధానం సరైనదో కాదో ఎలా పోల్చుకోవాలి అన్నవన్నీ ఆమె ఒక పేజీలో రాసేవారు. లాటిన్‌లో అక్షరం ముక్క రాని నేను మా అమ్మాయికి మూడేళ్లు ఆ భాష చదివించగలిగాను. గణితం కాగితం గురించి మేము ఐదారు కుటుంబాల వాళ్లం కలిసి యాజమాన్యంతో మాట్లాడిన తర్వాత అన్ని విషయాలకూ ఆ నమూనానే అమలు చేశారు. అప్పటి నుంచి మా ఇంట్లో సోమవారం ప్రశాంతంగా గడుస్తోంది.

ఆ కాగితం విలువ 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చినప్పుడు మరింత తెలిసింది. కరెంటు లేదు, ఇంటర్నెట్ లేదు, క్యాంపస్ మూతపడింది. ఆ వారం కాగితాలు అంతకుముందే ప్రింటు తీసి పెట్టుకున్నాము కాబట్టి పగటి వెలుతురులో పిల్లలు చదువుకోగలిగారు. అంతకు ముందటి ఏడాది కోవిడ్ వచ్చి అంతా ఆన్‌లైన్‌కు మారినప్పుడు కూడా ఇంటి రోజుల అలవాటు మమ్మల్ని ఆదుకుంది. అయితే ఒకటో తరగతి పిల్లవాణ్ణి తెర ముందు నలభై నిమిషాలు కూర్చోబెట్టడం వల్ల వాడికి చిరాకు తప్ప చదువు రాలేదు. నాలుగో తరగతి లోపు పిల్లలకు ఆన్‌లైన్ తరగతి పెట్టే బడిని నేను ఎవరికీ సూచించను.

పెద్ద పిల్లలకు ఆన్‌లైన్ ఏ విషయానికి కుదురుతుందన్నది వేరే లెక్క. సాహిత్య చర్చ, వ్యాసరచన, లాటిన్ పదిమంది లోపు పిల్లలతో తెర మీద చక్కగా నడిచాయి. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా మాత్రం దెబ్బతింది. సమాధానం ఒక్కటే టైపు చేయమనడంతో అమ్మాయి మధ్య మెట్లు రాయడం మానేసింది. ఋణ గుర్తు ఎక్కడ జారిపోతోందో ఉపాధ్యాయుడికి కనిపించలేదు, నాకూ కనిపించలేదు. తర్వాత నోటుబుక్ పేజీని ఫోటో తీసి పంపడం, తరగతిలో పిల్లలు లెక్క చేస్తుండగా పెన్ టాబ్లెట్‌లో చూడటం మొదలుపెట్టాక పరిస్థితి కుదుటపడింది. ల్యాబ్ విషయంలో చర్చకే తావు లేదు. జీవశాస్త్రంలో కప్పను కోసి చూడటం, రసాయన శాస్త్రంలో టైట్రేషన్ చేయడం క్యాంపస్‌లోనే జరగాలి.

విశ్వాసం సంగతికి వస్తే, చేరే ముందు తల్లిదండ్రులు ఒక విశ్వాస ప్రకటన మీద సంతకం చేయాలి. దాని మీద తొందరపడి సంతకం చేయవద్దని నా మనవి. మాది సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) నేపథ్యం, మా పిల్లలకు శిశు బాప్తిస్మం ఇప్పించాము. తరగతిలో ఎక్కువమంది బాప్టిస్టులు, అంటే శిశువులకు కాక విశ్వసించినవారికే బాప్తిస్మం ఇచ్చే సంఘాలవారు. బాప్తిస్మం గురించి ఒక పిల్లవాడు మా అమ్మాయిని నిలదీసినప్పుడు, ఇది సంఘాల మధ్య భేదం ఉన్న విషయం, మీ మీ తల్లిదండ్రులను అడిగి తెలుసుకోండి అని ఉపాధ్యాయిని చెప్పారట. ఇంటికి చెందినదాన్ని ఇంటికే వదిలిన ఆ మాట నాకు ఎంతో నచ్చింది. ఇతర దేశాల్లో సువార్త సేవ గురించి చెప్పే మిషన్ వారంలో మాత్రం ఒక ఏడాది మనసు నొచ్చుకుంది. భారతదేశాన్ని మురికివాడల బొమ్మలతోనే చూపించారు. నేను వెళ్లి మాట్లాడితే, వచ్చే ఏడాది మీరే చెప్పండి అన్నారు. 1912లో దోర్నకల్‌కు అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన సంగతి, తెలుగు పల్లెల్లో ఆయన చేసిన సేవ నేను చెబుతుంటే పిల్లలు ఆసక్తిగా విన్నారు. మా అబ్బాయి ఆ రోజు తల ఎత్తుకుని ఇంటికి వచ్చాడు.

ఖర్చు ఇద్దరికీ కలిపి ఈ ఏడాది 9,600 డాలర్లు; పుస్తకాలు, ల్యాబ్ రుసుము, యూనిఫాం అదనం. అయిదు రోజుల క్రైస్తవ బడితో పోలిస్తే ఇది మా ప్రాంతంలో సగం కంటే తక్కువే. కానీ నేను పూర్తికాలపు ఉద్యోగం మానుకుని సాయంత్రాలు వారానికి ఇరవై గంటల పనికి మారాను, అలా తగ్గిన జీతం కూడా ఖర్చు లెక్కలో వేసుకోవాలి. తల్లిదండ్రులిద్దరూ పగలంతా పనిలో ఉండే ఇంటికి ఈ పద్ధతి సరిపోదని మొహమాటం లేకుండా చెబుతున్నాను. పిల్లల చదువు ఖర్చుకు ప్రభుత్వం డబ్బు ఇచ్చేలా 2025లో రాష్ట్రం ఆమోదించిన విద్యా ఖాతాల పథకం 2026-27లో మొదలవుతుంది. అందులో ఇంటి చదువు పిల్లలకు ఏడాదికి 2,000 డాలర్ల వరకే ఇస్తారు, అర్హత పొందిన ప్రైవేటు బడి పిల్లలకు ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తారు. హైబ్రిడ్ బడి ఈ రెంటిలో ఏ లెక్కలోకి వస్తుందో ఆ బడి వారినే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.

హైస్కూలుకు వచ్చాక ట్రాన్‌స్క్రిప్ట్ (చదివిన విషయాలు, మార్కుల పత్రం) ఎవరు ఇస్తారన్నది ముఖ్యమవుతుంది. మా బడికి అక్రెడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉంది కాబట్టి వాళ్లే ఇస్తారు. కొన్ని చోట్ల తల్లిదండ్రులే తయారుచేయాలి. కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీకి ముందస్తు పరీక్ష అయిన పీఎస్ఏటీని ఏదో ఒక బడిలోనే రాయాలి. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కు పదకొండో తరగతిలో రాసినదే లెక్క. పూర్తిగా ఇంట్లో చదివే మా మిత్రుల అమ్మాయికి చోటు ఇచ్చే బడిని వెతకడానికి నెల పట్టింది. మా అమ్మాయి గత అక్టోబరులో తన తరగతి గదిలోనే రాసింది.

వచ్చే ఏడాదికి అబ్బాయిని ఇక్కడే కొనసాగిస్తున్నాము. అమ్మాయి మాత్రం గణితం, ఇంగ్లీషు కమ్యూనిటీ కాలేజీలో డ్యుయల్ క్రెడిట్‌గా (హైస్కూలుకూ కాలేజీకీ రెండింటికీ లెక్కలోకి వచ్చేలా) తీసుకుని, ల్యాబ్, బైబిలు, రెటొరిక్ (ఒప్పించేలా మాట్లాడే, రాసే కళ) తరగతులకు క్యాంపస్‌కు వెళుతుంది. కొత్తగా చేరాలనుకునేవారు రుసుము కట్టే ముందు, మీ పిల్లల తరగతికి గత నెలలో పంపిన ఇంటి రోజు కాగితాలు ఒక వారానివి చూపించమని అడగండి. మా బడి ఇప్పుడు అడిగినవారికి వాటిని ఇస్తోంది.