టచ్‌స్క్రీన్ ఫోన్ ఘనత: సైమన్‌దా, ఐఫోన్‌దా?

టచ్ ఫోన్ అనగానే అందరి నోటా ఐఫోన్ పేరే. కానీ అది 2007లో వచ్చింది. ఐబీఎం కంపెనీ ఫోన్ సైమన్ 1994లోనే అమ్మకానికి వచ్చింది. దానికి నంబర్ల బటన్లే లేవు. డయల్ చేయాలన్నా, మెయిల్ పంపాలన్నా తెర మీదే నొక్కాలి. "మొదటిది" అన్న మాట సైమన్‌కే చెల్లుతుంది. ఆ పేరు ఎవరికీ గుర్తు లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఐఫోన్ గొప్పతనం వేరు. స్టైలస్ (తెర మీద నొక్కే పెన్నులాంటి పుల్ల) అక్కర్లేదు, ఫొటో మీద రెండు వేళ్లు దూరం జరిపితే బొమ్మ పెద్దదవుతుంది. ఈ పనితనం వెనుక ఫింగర్‌వర్క్స్ ఉంది. ఆ చిన్న కంపెనీని ఆపిల్ 2005లో కొనేసింది.

అసలు వేలితో తాకే తెర గురించి బ్రిటన్‌లో ఇ.ఎ. జాన్సన్ 1965లోనే రాశాడు, విమానాల రాకపోకల నియంత్రణ కోసం. నన్నడిగితే మొదటి దండ ఆయనకే.