ఫిజీలో జెడ్ ప్రాజెక్ట్: మ్యాక్స్ చూడటానికే, కొలవడానికి కాదు

కాన్‌ఫోకల్ మైక్రోస్కోపులో తీసిన స్టాక్‌ను (ఒకే నమూనాను వేర్వేరు లోతుల్లో తీసిన బొమ్మల, అంటే స్లైసుల, దొంతరను) ఒక్క బొమ్మగా చదును చేయడానికి బొమ్మల విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఫిజీలోని జెడ్ ప్రాజెక్ట్ ఆదేశం కంటే సులువైన దారి కనబడదు. సాఫ్ట్‌వేర్ ఉచితం. జైస్, లైకా, నికాన్ మైక్రోస్కోపుల ఫైళ్లు బయో-ఫార్మాట్స్ ప్లగిన్ ద్వారా నేరుగా తెరుచుకుంటాయి. ఇమేజ్ మెనూలో స్టాక్స్, అందులో జెడ్ ప్రాజెక్ట్. మొదటి స్లైస్, చివరి స్లైస్, పద్ధతి ఇచ్చి ఓకే నొక్కడమే. చానెళ్లు (ఒక్కో రంగుకు ఒకటి) ఎన్నున్నా దేనికది విడిగా చదునవుతుంది. టైమ్‌లాప్స్ అయితే 'ఆల్ టైమ్ ఫ్రేమ్స్' టిక్ మరవకూడదు.

చిక్కంతా పద్ధతి ఎంచుకోవడంలోనే. మ్యాక్స్ ఇంటెన్సిటీ ప్రతి పిక్సెల్ దగ్గరా అన్ని స్లైసుల్లోకీ పెద్ద విలువను మాత్రమే ఉంచుతుంది. న్యూరాన్ కొమ్మలు, యాక్టిన్ పోగులు దీంతో తళతళలాడతాయి. అయితే నాయిజ్‌లోనూ (సంకేతంలోని అడ్డదిడ్డమైన హెచ్చుతగ్గుల్లోనూ) పైకి లేచిన విలువలనే ఏరుతుంది కాబట్టి స్లైసులు పెరిగేకొద్దీ నల్లటి నేపథ్యం బూడిదరంగుకు తిరుగుతుంది. ఒక్క స్లైస్‌లో వెలిగిన దుమ్ము కణమైనా చివరి బొమ్మలో చుక్కై మిగులుతుంది. ముందుగా ఆర్థోగోనల్ వ్యూస్ (స్టాక్‌ను పక్కనుంచి చూపేది) తెరిచి, జీవకణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో చూసి ఖాళీ స్లైసులు వదిలేయండి. హాట్ పిక్సెళ్లుంటే (లోపం వల్ల అసహజంగా వెలిగే చుక్కలు) రిమూవ్ ఔట్‌లయర్స్ ఫిల్టర్ కూడా ప్రొజెక్షన్‌కి ముందే నడపాలి.

ఇంకో మోసం రంగులది. ఒకే పిక్సెల్ దగ్గర ఎరుపు 5వ స్లైస్‌లో, ఆకుపచ్చ 20వ స్లైస్‌లో ఉన్నా మ్యాక్స్‌లో పసుపే కనిపిస్తుంది. రెండు ప్రొటీన్లు ఒకేచోట ఉన్నాయని ఈ బొమ్మ చూపించి వాదిస్తే నిలబడదు. ఆ లెక్క స్లైస్ వారీగానే తేల్చాలి.

మొత్తం వెలుగు కొలవాలంటే సమ్ స్లైసెస్ వాడాలి. ఫలితం 32-బిట్‌లో (చాలా పెద్ద విలువలు పట్టే రూపంలో) వస్తుంది కనుక కూడికలో విలువలు తెగిపోవు. అసలు స్లైసుల్లోనే సాచురేట్ అయిన (గరిష్ఠ విలువను తాకి ఆగిపోయిన) పిక్సెళ్లను మాత్రం ఏ పద్ధతీ బాగుచేయలేదు. నేపథ్యం కూడా కూడుతుందని గుర్తుంచుకోండి: స్లైస్‌కి 100 చొప్పున ఉంటే 30 స్లైసులకు 3000, 40 స్లైసులకు 4000. కంట్రోల్‌కీ నమూనాకీ స్లైసుల సంఖ్య, వాటి మధ్య దూరం ఒకటే ఉండాలి. నేపథ్యాన్ని తీసేశాకే పోల్చాలి. 8-బిట్‌కి (256 స్థాయిలే ఉండే రూపానికి) మార్చేటప్పుడు డిస్‌ప్లే రేంజ్ (తెరపై నలుపు నుంచి తెలుపు దాకా చూపే విలువల పరిధి) ఒక్కో బొమ్మకు ఒక్కోలా ఉంటే ఈ శ్రమంతా వృథా. బ్రైట్‌నెస్ కాంట్రాస్ట్‌లో 'సెట్' నొక్కి అన్నిటికీ ఒకే కనిష్ఠ, గరిష్ఠ విలువలు ఇవ్వండి.

బ్రైట్‌ఫీల్డ్‌లో (నమూనా గుండా మామూలు వెలుగు పంపి తీసే బొమ్మల్లో) ముదురు రంగు వస్తువులకు మిన్ ఇంటెన్సిటీ (అతి చిన్న విలువను ఉంచేది) పర్వాలేదు. ఆకృతి స్పష్టంగా కావాలంటే ఎక్స్‌టెండెడ్ డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్లగిన్ (ప్రతి చోటా ఫోకస్‌లో ఉన్న స్లైస్‌నే ఏరి కలిపేది) మేలు.

ప్రివ్యూ లేకపోవడం ఈ ఆదేశంలో పెద్ద లోటు. ఫైల్ పేరు ముందు పద్ధతి గుర్తు చేరుతుంది కానీ ఏయే స్లైసులు వాడారో ఉండదు. సేవ్ చేసేటప్పుడు ఆ అంకెలు పేరులో మీరే రాసుకోవాలి.