ఆరు బ్యాటన్ల సెట్: నాలుగు నెలలు వాడాక

రిలే పరుగులో ఒకరి చేతినుంచి ఇంకొకరు అందుకునే బ్యాటన్లివి: ఆరు రంగుల్లో ఆరు అల్యూమినియం గొట్టాలు, వాటికో జిప్పు సంచి. కంపెనీ పేరు రాయను, ఇలాంటి సెట్లు చాలామంది అమ్ముతున్నారు. చూడాల్సినవి మాత్రం ఎవరి దగ్గర కొన్నా ఇవే.

నేను పదకొండేళ్లు 4x100 రిలేలో (నలుగురు, తలా వంద మీటర్లు) మూడో లెగ్, అంటే మూడోవాళ్ల భాగం, పరిగెత్తాను. మొదటి లెగ్‌కి అందుకునే పని లేదు, చివరి లెగ్‌కి ఇచ్చే పని లేదు. మూడో లెగ్‌కి రెండూ ఉంటాయి, మధ్యలో వంపు ఒకటి. ఇప్పుడు జూనియర్లకు రిలే నేర్పిస్తున్నాను. బ్యాటన్ దగ్గర నాకు కాస్త చాదస్తం ఎక్కువే.

రూల్ ప్రకారం పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు 50 గ్రాములకు తగ్గకూడదు. లోపల బోలుగా, పైన నున్నగా, అతుకు లేకుండా ఉండాలి. సంచి విప్పిన రోజే ఒక పాప పచ్చదాన్ని చేతిలో ఊపి చూసి, "మేడమ్, ఇది తేలిగ్గా ఉంది" అంది. నేను కొట్టిపారేశాను. ఇంటికెళ్లి తూస్తే 47 గ్రాములు! మిగతా ఐదూ 50 దాటాయి. మర్నాడు ఆ పాపకి సారీ చెప్పాను.

అసలు లోపం అంచు దగ్గరుంది. 4x100లో అందుకునేవాళ్లు వెనక్కి చూడరు. వెనకనుంచి "హ్యాండ్!" అని కేక వినగానే చెయ్యి వెనక్కి చాపడమే. వచ్చేవాళ్లు బ్యాటన్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులోకి నెడతారు. చర్మం పల్చగా ఉండేది అక్కడే, గొట్టం అంచు ముందు తగిలేదీ అక్కడే. మంచి బ్యాటన్‌కి అంచు లోపలికి మడిచి ఉంటుంది. వీటిని కోసి, అలాగే రంగు వేసి పంపారు. మొదటి వారంలోనే ఒకరికి రక్తం వచ్చింది. సన్నని గరుకు కాగితంతో పన్నెండు అంచులూ నేనే రుద్దాను. ఒక సాయంత్రం మొత్తం దానికే పోయింది.

రంగు కూడా నిలబడలేదు. ఎర్రదాన్ని పట్టుకున్న పిల్లల అరచేతులు గోరింటాకు పెట్టుకున్నట్టు కనబడేవి. చెమట పడితే జారుతుంది కూడా. రిలేలో గ్లవ్స్ వేసుకోకూడదు, పట్టు కోసం చేతికి ఏదీ పూసుకోకూడదు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

పొడవు ఆరింటికీ 29 దగ్గరే ఉంది. పైనుంచి ఇచ్చే పద్ధతికి ఇది సరిపోతుంది. మేం కిందనుంచి ఇచ్చే పద్ధతి కూడా నేర్పిస్తాం. 2016 రియో ఒలింపిక్స్‌లో జపాన్ పురుషుల జట్టు అలాగే మార్చుకుంటూ 37.60 సెకన్లలో వెండి పతకం తెచ్చుకుంది. అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరు కూడా 100 మీటర్లను 10 సెకన్లలోపు పరిగెత్తలేదు. ఆ పద్ధతిలో చిక్కేమిటంటే, అందుకునే చెయ్యి ఇచ్చే చేతికి ఆనుకునేంత దగ్గరగా పట్టుకోవాలి. లేదంటే ప్రతి మార్పుకీ ముందున్న ఖాళీ గొట్టం తరిగిపోయి, నాలుగో లెగ్‌కి పట్టుకోవడానికి ఓ ముక్క మిగులుతుంది. మా పెద్ద పిల్లల చేతుల్లో ఇదే జరిగింది. తప్పు చాలావరకు మాదే అయినా, 30 ఉంటే ఇంకో వేలు పట్టేది.

కింద పడితే ఇవి బాగా దొర్లుతాయి, పక్క లేన్‌లోకి కూడా పోతాయి. పడేసినవాళ్లే తీసుకోవాలన్నది రూల్. అందుకని పడేసి, తీసుకుని, మళ్లీ పరిగెత్తడం కూడా ప్రాక్టీస్ చేయిస్తాను. అమెరికా స్ప్రింటర్ అలిసన్ ఫెలిక్స్ సంగతి చెప్పేది అప్పుడే. అదే రియోలో 4x100 హీట్స్‌లో (ఫైనల్‌కి ముందు జరిగే అర్హత పరుగుల్లో) ఇంకో జట్టు అమ్మాయి తగిలి, ఫెలిక్స్ ఇవ్వబోతున్న బ్యాటన్ ఎగిరిపోయింది. అయినా అమెరికా జట్టు పరుగు పూర్తి చేసింది. అప్పీల్ మీద వాళ్లని ఒంటరిగా మళ్లీ పరిగెత్తించారు, 41.77తో ఫైనల్‌కి చేరారు. ఫైనల్లో ఒకటో లేన్ వచ్చింది. స్ప్రింటర్లు ఎవరూ కోరుకోని లేన్ అది, వంపు అక్కడే బిగుతుగా ఉంటుంది. 41.01తో బంగారం కొట్టారు.

నాలుగు నెలల్లో రెండు బ్యాటన్ల మూతి సొట్టపోయింది. ప్రాక్టీసుకైతే మళ్లీ కొంటాను, పోటీకి మాత్రం వద్దు. అయిదుకి మూడు. పచ్చది మార్చి ఇస్తామన్నారు కానీ పంపలేదు. దాన్ని కింద పడేసే ప్రాక్టీసుకి వాడుతున్నాం.