ఎఫ్ఎమ్ స్టేషనా, యూట్యూబ్ ఛానెలా: ఊరి గొంతుకు ఏది మేలు?

పల్లెల్లో సంఘాలు నడిపే వాళ్ల దగ్గర కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది. "మా పాటలు, మా బాధలు నలుగురికీ వినపడాలి. రేడియో లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోమంటారా, ఫోన్లోనే ఛానెల్ మొదలుపెట్టమంటారా?" నా జవాబు ముందే చెప్పేస్తాను. రేడియోనే మేలు. అయితే ఒక పనికి మాత్రం రేడియో చాలదు, ఆ సంగతీ దాచను.

శ్రమ లెక్క చూస్తే ఛానెల్‌దే గెలుపు. పొద్దున అనుకుంటే సాయంత్రానికి మొదలైపోతుంది. ఊరి జనం కోసం సంఘాలు నడిపే చిన్న ఎఫ్ఎమ్, అంటే కమ్యూనిటీ రేడియోకు అలా కుదరదు. అడిగే సంస్థ కనీసం మూడేళ్లు జనం మధ్య పనిచేసినదై ఉండాలి, సమాచార ప్రసార శాఖ అనుమతి రావాలి, ఆపైన ఫ్రీక్వెన్సీ కేటాయించాలి. ప్రసారం చేసిన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు దాచిపెట్టాలి. ఇంత తతంగం నడిపాక చేతికొచ్చేది మామూలుగా 100 వాట్లు మించని ప్రసార శక్తి, 30 మీటర్లు మించని టవర్. మీ గొంతు ఏ పది పదిహేను కిలోమీటర్లో పోతుంది. ఛానెల్ అయితే దుబాయ్‌లో పనిచేస్తున్న పిల్లాడికీ వినపడుతుంది.

అయినా ఆ పది కిలోమీటర్లే రేడియో బలమని నేను నమ్ముతాను. ఎందుకో ఒక పాట గురించి చెబితే తెలుస్తుంది.

నాట్ల పాటలు బాగా పాడుతుందని పేరున్న ఒక పెద్దమ్మను ఒకసారి మా రేడియో స్టూడియోకు పిలిచాం. తలుపు వేశాం, ఫ్యాన్ ఆపాం, మైకు ముందు కూర్చోబెట్టాం. రెండు చరణాలు పాడి ఆగిపోయింది. "కూసుండి పాడితే పాట రాదు బిడ్డా, చెయ్యి ఆడాలె" అంది. మర్నాడు రికార్డరు పట్టుకుని పొలానికే వెళ్లాం. మోకాటి లోతు బురదలో వంగి నారు నాటుతూ ఎత్తుకుంది చూడండి, వెనక వరసలో ఉన్నవాళ్లు 'ఉయ్యాలో' అని అందుకుంటుంటే అరగంట దాకా పాట తెగలేదు. నీళ్ల చప్పుడు, గాజుల చప్పుడు, మధ్యలో ఎవరో నవ్విన నవ్వు, అన్నీ అందులో పడ్డాయి.

ఈ అరగంటను ఛానెల్‌లో పెట్టాలంటే చూసేవాళ్లు ఆగరన్న భయంతో మూడు నిమిషాలకు కత్తిరిస్తారు. కింద డీజే బీటు కలుపుతారు. రేడియోలో పూర్తిగా వేశాం. తెల్లారి పక్క ఊరి నుంచి ఫోనొచ్చింది: "ఆ చెల్లెలు అత్తింటికి పోయే చరణం మా అమ్మ ఇంకో తీరుగ పాడేది, నేను పాడి వినిపిస్తా, రాసుకోండి." ఛానెల్‌కు లక్ష మంది చూసేవాళ్లు ఉండొచ్చు గానీ, పాటలో తప్పిపోయిన చరణాన్ని తెచ్చిచ్చే మనిషి ఆ పది కిలోమీటర్లలోనే ఉంటుంది.

ఇది మన తెలుగు నేల మీద రుజువైన సంగతే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు లైసెన్సు రావడానికి ఎన్నో ఏళ్ల ముందే రికార్డింగు నేర్చుకున్నారు. ప్రసారం చేసే వీలు లేనన్నాళ్లూ తమ టేపులను సంఘం సమావేశాల్లో వేసుకుని విన్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరుచుకున్నది 2006 విధానంతోనే. 2008 అక్టోబరు 15న అక్కడి మాచునూరు నుంచి వాళ్ల 'సంఘం రేడియో' గాలిలోకి వచ్చింది. కొర్రలు, సామలు, పచ్చజొన్నల సాగు గురించి తమ భాషలోనే, తమ యాసలోనే మాట్లాడుకున్నారు. మాట్లాడేది విత్తనం దాచుకున్న మనిషే, వినేది రేపు ఆ విత్తనం అడిగి తీసుకునే మనిషే. అందరి కథా ఇలా నడవలేదు. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 2002లో చిన్న ట్రాన్స్‌మిటర్‌తో 'మన రేడియో' అనే స్టేషన్ నడిపితే, లైసెన్సు లేదని మరుసటి ఏడాదే మూయించారు.

ఇక న్యాయం మాట. రేడియో తడబడేది ఇక్కడే. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నవి ఉన్నట్టు వేసుకోవచ్చు, అంతే. ఉపాధి హామీ కూలి నెలల తరబడి పడకపోతే, పింఛను ఆగిపోతే, ఆ మాటను సూటిగా ప్రసారం చేయాలంటే లైసెన్సు గుర్తొస్తుంది. ఫోన్లో తీసిన రెండు నిమిషాల వీడియో మాత్రం సాయంత్రానికల్లా అధికారి దాకా వెళ్తుంది. ఈ పనికి ఫోనే మేలు.

కానీ వీడియోలో ముఖం కనిపిస్తుంది. హోటల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి గురించి నోరు విప్పిన ఆడమనిషి ఆ రాత్రి కామెంట్లలో కులం పేరుతో తిట్లు చదవాల్సి వస్తుంది. రేడియోలో అదే సంగతిని పేర్లు మార్చి నాటికగా కట్టి వారం వారం వేస్తే, ఏ హోటలో ఊరందరికీ తెలుసు, కేసు పెట్టడానికి మాత్రం ఎవరి పేరూ ఉండదు. పైగా ఆ హోటలు యజమాని ఇంట్లోనూ అదే రేడియో మోగుతుంది. ఫిర్యాదుకు ఫోను పదును. ఇరుగుపొరుగు మనసు మారాలంటే రేడియో కావాలి.

ఈ రెంటికీ మధ్య ఇంకో దారి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర అనే ఫోను వేదికలో, ఇంటర్నెట్ లేని మామూలు ఫోను నుంచే గోండి భాషలో సమస్యను రికార్డు చేసి నలుగురికీ వినిపించే వీలొచ్చింది. అధికారి నంబరు కూడా చెబితే విన్నవాళ్లు ఆయనకే ఫోన్ చేసేవాళ్లు. ముఖం కనపడదు, టవర్ అక్కర్లేదు. పాటకు ఇది సరిపోదు గానీ ఫిర్యాదుకు వీడియో కన్నా నాకు ఇదే నచ్చుతుంది.

రేడియో పేరు పెట్టుకుని పొద్దస్తమానం సినిమా పాటలు, డబ్బిచ్చిన శాఖల సందేశాలు వేసే స్టేషన్లకు నా మాట వర్తించదు. సగం కార్యక్రమాలైనా స్థానికంగా, స్థానికులతో తయారు కావాలని నిబంధనే చెబుతోంది. అది చేయలేమనుకుంటే లైసెన్సు జోలికి పోవద్దు.

చేయగలమనుకుంటే, దరఖాస్తు కన్నా ముందు ఒక మంచి రికార్డరు కొనండి. సంఘం కొత్తదైతే మూడేళ్లు ఎలాగూ ఆగాలి కదా. ఆలోగా ప్రతి వాడలో, ముఖ్యంగా ఇప్పటిదాకా మైకు అందని వాడలో, కనీసం పదేసి గొంతులు పోగు చేయండి. నెలకోసారి రచ్చబండ దగ్గర స్పీకరు పెట్టి వినిపించండి. పాడినవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి.