థింక్‌ప్యాడ్ టీ480: లోపలి బ్యాటరీని నేనే మార్చుకున్న రెండేళ్ల తరువాత

నా ల్యాప్‌టాప్ 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480. ఇందులో బ్యాటరీలు రెండు: వెనుకవైపు గొళ్లెం జరిపి తీయగలిగేది ఒకటి, అడుగు మూత విప్పితే తప్ప కనిపించని 24 వాట్ అవర్ల (బ్యాటరీలో ఎంత శక్తి నిలవ ఉంటుందో చెప్పే కొలత) చిన్నది మరొకటి. యంత్రం ఆగకుండా బయటి బ్యాటరీని మార్చుకోవడానికి లోపలిదే ఆధారం. నాలుగేళ్ల వాడకం తరువాత ఆ ఆధారం పోయింది. 30 శాతం చూపిస్తూనే తెర ఆరిపోయేది. విండోస్ ఇచ్చే బ్యాటరీ నివేదికలో పూర్తి చార్జి 9 వాట్ అవర్లకు పడిపోయి ఉంది.

ఈ పనిలో మూత విప్పడం కంటే అంతకుముందు చేయవలసిన సన్నాహమే నాకు ముఖ్యమనిపించింది. చార్జి 25 శాతం లోపుకు దిగేవరకు వాడాను, ఎందుకంటే బ్యాటరీలోని లిథియం అయాన్ సెల్‌కు పొరపాటున దెబ్బ తగిలినా అందులో ఉన్న శక్తి ఎంత తక్కువైతే ప్రమాదం అంత తక్కువ. తరువాత చార్జర్ తీసేసి, యంత్రం ఆన్ అవుతుండగా ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి (విండోస్ కంటే ముందే తెరుచుకునే యంత్రపు సెట్టింగుల తెర) వెళ్లి, పవర్ విభాగంలో లోపలి బ్యాటరీని నిలిపివేశాను. అడుగున ఉన్న ఆరు స్క్రూలు వదులవుతాయే గాని మూత నుంచి ఊడిరావు. ఇది తెలియనివారు తిప్పుతూనే ఉండి స్క్రూ తల అరగదీసే అవకాశం ఉంది. అంచుల క్లిప్పులను పాత ఏటీఎం కార్డుతో విడదీశాను. తొందరపడిన చోట ఒకటి విరిగింది, ఆ మూల సన్నని సందు ఇప్పటికీ ఉంది. ఆపైన పని సులువే: ఇక్కడ బ్యాటరీని పట్టి ఉంచేది స్క్రూలు. జిగురుతో అంటించిన రెటీనా మ్యాక్‌బుక్ ప్రో వంటి యంత్రాలలో ఇదే పనిని కొత్తవారు ఇంట్లో మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం.

నేను చేసిన అసలు తప్పు బ్యాటరీ ఎంపికలో జరిగింది. ధర తక్కువని ఆన్‌లైన్‌లో కొన్న మొదటిది ఎనిమిది నెలలకే ఉబ్బి అడుగు మూతను బయటికి నెట్టింది. వెంటనే వాడకం ఆపి, దాన్ని గుచ్చకుండా, నొక్కకుండా తీసి, కనెక్టర్ కొనలకు టేపు చుట్టి ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రంలో ఇచ్చాను. రెండోసారి పాత లేబుల్ మీది ఎఫ్‌ఆర్‌యూ సంఖ్యతో (విడిభాగానికి తయారీదారు ఇచ్చే గుర్తింపు సంఖ్య) సరిపోల్చుకుని, దాదాపు రెట్టింపు ధర పెట్టి కొన్నాను. అమర్చిన తరువాత చార్జర్ తగిలిస్తేనే యంత్రం మేల్కొంటుంది, కాబట్టి మొదట పవర్ బటన్‌కు స్పందించకపోతే కంగారుపడనక్కరలేదు.

ఆ రెండో బ్యాటరీకి ఇప్పుడు రెండేళ్లు నిండాయి. నివేదికలో పూర్తి చార్జి 21 వాట్ అవర్లు. చార్జింగ్‌ను 80 శాతం వద్ద ఆగేలా పెట్టుకోవడం ఇందుకు తోడ్పడిందని నమ్ముతున్నాను. పాత బ్యాటరీ రోజంతా 100 శాతం వద్ద, ఎండాకాలపు వేడిలో చార్జర్‌కే అంటిపెట్టుకుని ఉండేది. నిరుడు మే నెలలో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, బయటి బ్యాటరీ తీసి దాని స్థానంలో మరో బయటి బ్యాటరీ తగిలించేవరకు తెరిచిన ఫైలు తెరిచినట్టే ఉంది.