ముల్లును నమ్మే కొండలు, నమ్మకూడని కొండలు: స్కాట్లాండ్‌లో దిక్సూచితో ఏడు రోజులు

"అక్కా, నీ ముల్లు దక్షిణం చూపిస్తోంది" అంది చెల్లి.

అప్పటికి మేము కెయిర్న్‌గార్మ్ కొండ కింద పార్కింగ్ స్థలంలోనే ఉన్నాం. ఇంకా నడక మొదలుపెట్టలేదు. ఇద్దరి దగ్గరా ఒకే రకం దిక్సూచి, ఒకే రోజు కొన్నవి. పక్కపక్కన పెడితే రెండు ఎర్ర కొనలూ చెరో వైపు తిరిగి ఉన్నాయి. ఉదయం ఎండ ఎదురుగా తూర్పున ఉంది కాబట్టి తప్పు ఎవరిదో వెంటనే తేలిపోయింది. నాదే. ముందు రోజు ఏవీమోర్ దాకా రైలు ప్రయాణమంతా దాన్ని ఫోనున్న అరలోనే ఉంచాను. నా ఫోను తొడుగు మూతకు చిన్న అయస్కాంతం ఉంది. ముల్లు కూడా సన్నని అయస్కాంతమే. బలమైనదాన్ని ఆనుకుని గంటల తరబడి ఉంటే దాని ధ్రువాలు తారుమారవుతాయి. చూడటానికి ఏ తేడా కనిపించదు. ముల్లు చక్కగా ఊగుతుంది, చక్కగా ఆగుతుంది, ఉత్తరానికి బదులు దక్షిణం వైపు.

పొగమంచులో ఇది తెలియకుండా నడిచి ఉంటే వెళ్ళాల్సిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కులో పోయేవాళ్ళం. ఈ యాత్ర గురించి ఒక్క మాటే చెప్పమంటే నేను చెప్పేది ఇదే: దిక్సూచి కొనడం కంటే దాన్ని ఎక్కడ దాచుకుంటామన్నదే పెద్ద విషయం. ఫోను ఒక సంచిలో, దిక్సూచి మెడలో తాడుకు. అంతే.

సంచిలో మూడో దిక్సూచి ఒకటి ఉంది కదా అని తీశాను. అది భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల కోసం తయారైనది. దాని ముల్లు ఎర్ర కొన కిందికి వాలి డబ్బీ అడుగును రాసుకుంటోంది. భూమి అయస్కాంత బలం నేలకు సమాంతరంగా ఉండదు. ఉత్తరానికి వెళ్ళేకొద్దీ నేలలోకి వాలుతుంది, స్కాట్లాండ్ దగ్గర ఆ వాలు సుమారు 70 డిగ్రీలు. అందుకే తయారీదారులు ఒక్కో అక్షాంశ మండలానికి తగ్గట్టు ముల్లును తూచి అమర్చుతారు. వేరే మండలం దిక్సూచి ఇక్కడ పూర్తిగా పనికిరాకుండా పోదు. కానీ ముల్లు స్వేచ్ఛగా తిరగాలంటే పలకను వంచి పట్టుకోవాలి, వంచితే కొలత తప్పుతుంది. కొనేముందు వెనక ముద్రించిన మండలం గుర్తు చూసుకోండి. అన్ని చోట్లా పనిచేసేలా చేసిన రకాలు కూడా ఉన్నాయి. ఖండాలు దాటి తిరిగేవాళ్ళకు అదనంగా ఖర్చుపెట్టదగ్గది ఆ ఒక్క సౌకర్యమే అని నా అభిప్రాయం.

అలా ఇద్దరం ఒకే ఒక మంచి దిక్సూచితో బయల్దేరాం.

మొదటి రెండు రోజులకు ఒక శిక్షకురాలిని కుదుర్చుకున్నాం. ఏవీమోర్ పక్కనే గ్లెన్‌మోర్ లాడ్జ్ అనే జాతీయ శిక్షణ కేంద్రం ఉంది, అక్కడ పటం, దిక్సూచి మీదే ప్రత్యేక తరగతులు నడుస్తాయి. మాకు తేదీలు కుదరక విడిగా ఒకరిని మాట్లాడుకున్నాం. ఆవిడ చేసిన గొప్ప పని, ఎండ కాస్తున్నప్పుడే మా చేత దిక్సూచి వాడించడం. ఎదురుగా కనిపిస్తున్న కొండకే కోణం, అంటే ఉత్తరం నుంచి అది ఎన్ని డిగ్రీల పక్కన ఉందో, తీయమనేవారు. "కళ్ళకు కనిపించే దానితో ముల్లు మాట సరిపోతోందో లేదో ఇప్పుడు చూసుకోండి, మబ్బు పట్టాక చూసుకోవడానికి ఏమీ ఉండదు" అన్నారు.

పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను, చేత్తో చేస్తే రెండు నిమిషాల్లో వస్తుంది. పటం మీద మనం ఉన్న చోటునూ చేరాల్సిన చోటునూ కలిపేలా పారదర్శక పలక అంచును ఆనించాలి. బాణం గుర్తు వెళ్ళాల్సిన వైపు ఉండాలి. పలక కదలకుండా పట్టుకుని దాని మీది డిగ్రీల చక్రాన్ని తిప్పాలి. దాని అడుగున ఉన్న సన్నని గీతలు పటం మీది నిలువు గీతలకు సమాంతరంగా రావాలి, చక్రం మీది ఉత్తరం పటం పైభాగాన్నే చూడాలి. ఇక్కడే చాలామంది చక్రాన్ని తలకిందులుగా పెట్టేస్తారు. తర్వాత పటం పక్కన పెట్టి, దిక్సూచిని పొట్టకు ఎదురుగా వంపు లేకుండా పట్టుకుని, ఎర్ర కొన వెళ్ళి చక్రం అడుగున గీసిన ఎర్ర గూట్లో కూర్చునేదాకా మనమే తిరగాలి. చక్రాన్ని ముట్టుకోకూడదు. అప్పుడు పలక మీది బాణం చూపేదే మన దారి.

ఆ దారిలో నడిచేటప్పుడు ముల్లునే చూస్తూ నడవకూడదు. బాణం వెంబడి ముప్ఫై నలభై అడుగుల్లో ఒక రాయి ఎంచుకుని, అక్కడికి చేరి, మళ్ళీ ఇంకో రాయి. రాళ్ళు కూడా కనిపించనంత మంచులో మనిషినే రాయిగా వాడుకోవాలి. చెల్లి ముందుకు వెళ్ళేది, నేను వెనక నుంచి "కొంచెం ఎడమకు, ఇంకొంచెం, ఆగు" అనేదాన్ని. ఆ తర్వాత నేను ఆమెను దాటి ముందుకు. ఒక్క డిగ్రీ తప్పితే కిలోమీటరుకు 17 మీటర్లు పక్కకు పోతాం. ఐదు డిగ్రీలకు 87 మీటర్లు. అంచున కొండచరియ ఉన్న చోట 87 మీటర్లంటే ఎంతో ఆలోచించండి.

రెండో రోజు మధ్యాహ్నం నుంచి శిక్షకురాలు లేకుండా లోఖన్ బూయ అనే చిన్న మడుగు దగ్గర మేమిద్దరమే మిగిలాం. అక్కడి నుంచి బెన్ మాక్‌డూయీ, బ్రిటన్‌లో రెండో ఎత్తైన శిఖరం, 1309 మీటర్లు. దక్షిణ ఆగ్నేయంగా రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఈ పీఠభూమి మీద గుర్తుపట్టడానికి ఏమీ లేదు. బూడిదరంగు రాళ్ళు, అవే రాళ్ళు, మళ్ళీ అవే. పడమట నేల లైరిగ్ గ్రూ లోయలోకి తెగి పడిపోతుంది. 1971 నవంబరులో మంచు తుపానులో ఈ చుట్టుపక్కలే ఆరుగురు చనిపోయారు, వారిలో ఐదుగురు బడి పిల్లలు. వాళ్ళు చేరాలనుకున్న కరన్ ఆశ్రయం ఈ మడుగు దగ్గరే ఉండేది. మంచులో దాన్ని వెతికి పట్టుకోవాలనే ఆశే మనుషులను ప్రమాదంలోకి లాగుతుందన్న వాదన గెలిచి 1975లో దాన్ని తీసేశారు. ఆ చోట నిలబడి కోణం తీస్తుంటే నా వేళ్ళు తడబడ్డాయి, దాచుకోను.

సగం దారిలో మబ్బు దిగింది. పది నిమిషాల్లో చెల్లి ఎర్ర కోటు తప్ప మరేమీ కనిపించలేదు. అడుగులు లెక్కపెడుతూ నడిచాం. చదునైన నేల మీద నాకు 100 మీటర్లకు 64 జంట అడుగులు, అంటే కుడి పాదం 64 సార్లు పడాలి. రాళ్ళ ఎగుడులో అది 80 దాటింది. ప్రతి వంద మీటర్లకూ తాడు మీది పూసను ఒకటి కిందికి లాగాను. సమయానికి నైస్మిత్ లెక్క పెట్టుకున్నాం: 1892 నాటి సూత్రం, ఐదు కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఇంకో గంట. ఇరవై రెండో పూస లాగాక కూడా శిఖరం రాలేదు. నా మనసు గట్టిగా ఎడమకు తిరగమంటోంది. చెల్లి ముల్లు తిన్నగా పొమ్మంటోంది. తిన్నగానే పోయాం. మూడు నిమిషాల తర్వాత మబ్బులోంచి శిఖరం మీది సర్వే స్తంభం బయటపడింది. దాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను.

ఆ రాత్రి హచిసన్ హట్‌లో పడుకున్నాం. శిఖరం నుంచి ఎట్‌ఖఖన్ సరస్సు మీదుగా దిగాలి. మబ్బు ఇంకా వీడలేదు, అందుకే సరస్సు కొసకు తిన్నగా గురిపెట్టకుండా కావాలనే కొన్ని డిగ్రీలు ఒక పక్కకు జరిపి నడిచాం. అలా చేస్తే నీటి ఒడ్డు తగలగానే ఎటు తిరగాలో సందేహం ఉండదు. తిన్నగా గురిపెట్టినవాళ్ళకు ఆ సందేహం తప్పదు. ఈ హట్ ఒకే గది రాతి కట్టడం. ముందస్తు బుకింగ్ లేదు, రుసుము లేదు, నీళ్ళూ కరెంటూ లేవు. 1965లో మొదలైన మౌంటెన్ బోతీస్ అసోసియేషన్ స్వచ్ఛంద సేవకులు ఇలాంటి సుమారు వంద ఆశ్రయాలను చూసుకుంటున్నారు. పక్క, టార్చి, అన్నీ మనమే మోసుకెళ్ళాలి. నిండిపోయి ఉండొచ్చు కాబట్టి గుడారం కూడా ఉండాలి. 2003 నాటి భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా ఉన్నంతవరకు ఇక్కడి కొండల మీద గుడారం వేసుకోవచ్చు. మా ఇద్దరికీ ఈ హట్ అన్నింటికంటే నచ్చింది. కొవ్వొత్తి వెలుగులో పటం పరచి ఆ రోజు నడిచిన దారిని వేలితో మళ్ళీ నడిచాం. హోటల్ గదిలో ఆ పని చేయం.

తర్వాత బెన్ నెవిస్. 1345 మీటర్లు, అన్నింటికంటే ఎత్తు. జనం ఎక్కువ, దారి స్పష్టం, ఎక్కేటప్పుడు దిక్సూచితో పనే లేదు. పని పడేది దిగేటప్పుడు. శిఖరం మీది సర్వే స్తంభం నుంచి 231 డిగ్రీల కోణంలో 150 మీటర్లు, ఆ తర్వాత 282 డిగ్రీలు. కొండెక్కేవాళ్ళు ఈ రెండు అంకెలను చీటీ మీద రాసి జేబులో పెట్టుకుంటారు. మొదటి అంకె గార్డీలూ అనే లోతైన చీలిక అంచు నుంచి తప్పిస్తుంది. అలాగని తిరగకుండా అదే కోణంలో పోతూ ఉంటే ఫైవ్ ఫింగర్ గల్లీ నోట్లో పడతాం. దారి వెంట రాళ్ళ గుట్టలు పేర్చి ఉన్నా, మేము ఒకరినొకరు చూసుకుంటూ కోణం ప్రకారమే దిగాం.

ఈ అంకెల దగ్గర పాత పుస్తకాలు చదివినవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. పటం ఉత్తరానికీ ముల్లు ఉత్తరానికీ తేడా ఉంటుంది కాబట్టి ఒకప్పుడు ఇక్కడ కొన్ని డిగ్రీలు కలుపుకోమని రాసేవారు. ఆ తేడా ఏటా మారుతూ వచ్చింది. 2022 నవంబరులో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లాంగ్టన్ మాట్రావర్స్ అనే ఊరి దగ్గర నిజ ఉత్తరం (ఉత్తర ధ్రువం ఉన్న వైపు), పటం ఉత్తరం (పటం మీది నిలువు గీతలు చూపే వైపు), అయస్కాంత ఉత్తరం (ముల్లు చూపే వైపు) మూడూ ఒకే గీత మీదికి వచ్చాయి. ఆ కలయిక తర్వాత ఉత్తరానికి కదులుతూ వచ్చింది. ఇప్పుడు ఈ కొండల్లో తేడా నడకకు లెక్కలోకి రానంత తక్కువ. పాత అలవాటుగా ఐదు డిగ్రీలు కలిపితే మనమే తప్పు కొని తెచ్చుకున్నట్టు. అదే న్యూజిలాండ్‌లో అయితే తేడా సుమారు 20 డిగ్రీలు, అక్కడ మర్చిపోతే కిలోమీటరుకు మూడు వందల మీటర్లకు పైగా పక్కకు పోతాం. ఎక్కడికి వెళ్ళినా కొత్త పటం అంచున ముద్రించిన అంకె చదివాకే అడుగు వేయండి.

చివరి మూడు రోజులు స్కై ద్వీపంలో. గ్లెన్ బ్రిటిల్‌లోని హాస్టల్‌లో దిగాం. అక్కడ తడి బట్టలు ఆరబెట్టుకునే గది ఉంది, స్కైలో అంతకంటే విలువైన సౌకర్యం లేదు. గుడారంలో ఉన్నవాళ్ళు మూడో రోజుకు తడి బూట్లతోనే నడుస్తున్నారు, పైగా జూన్‌లో చిన్న చిన్న కుట్టే దోమల బెడద.

ఇక్కడ ఒక రోజుకు కుదుర్చుకున్న గైడు మాకు నచ్చలేదు. మనిషి నిపుణుడే. కానీ తన చేతిలోని జీపీఎస్ చూసుకుంటూ ముందు నడిచిపోయాడు, మేము వెనక నడిచాం, అంతే. ఏదైనా నేర్చుకోవాలని వెళ్ళేవాళ్ళు ముందే ఆ మాట స్పష్టంగా అడిగి ఒప్పించుకోవాలి.

మర్నాడు మేమిద్దరమే స్గూర్ నా బనక్‌డిఖ్ ఎక్కాం, 965 మీటర్లు. నల్ల కూలిన్ కొండల్లోని గాబ్రో, బసాల్ట్ రాళ్ళలో అయస్కాంత ఖనిజం ఉంది. పుస్తకంలో చదివాం, కానీ కళ్ళతో చూడాలనిపించింది. గట్టు మీద చెల్లి దిక్సూచిని నడుము ఎత్తులో పట్టుకుని కోణం తీశాను. కదలకుండా అదే చోట వంగి రాతి మీద పెట్టాను. ముల్లు వణికి, మెల్లగా పక్కకు జరిగి, 30 డిగ్రీలకు పైగా తేడాతో ఆగింది. నాలుగడుగులు పక్కకు వెళ్ళి మళ్ళీ పెడితే ఇంకో దిక్కు. కొన్ని రోజుల కింద పీఠభూమి మీద మా ప్రాణాలు అప్పగించింది ఈ ముల్లుకే. మబ్బు లేదు కాబట్టి నైరుతిన సముద్రంలో కానా ద్వీపం కనిపించింది. దాని మీద కంపాస్ హిల్ అనే కొండ ఉంది, ఓడల దిక్సూచులను కూడా పక్కదారి పట్టిస్తుందని ఆ పేరు.

అక్కడ పనికొచ్చేది పటం మీది ఎత్తు గీతలను చదవడం. నేల ఎటు వాలుతోంది, వాగు ఏ చేతి వైపు ఉంది, ఎత్తు కొలిచే పరికరం ఎంత చూపిస్తోంది. దిగేటప్పుడు చెల్లి ప్రతి మలుపులోనూ ఇదే పైకి చెబుతూ వచ్చింది. ముల్లును ఒక్కసారి కూడా అడగలేదు.

నేర్చుకోవడానికి మొదట వెళ్ళాల్సింది కెయిర్న్‌గార్మ్‌కే, స్కైకి కాదు. ముల్లును నమ్మడం ఒంటికి పట్టాకే దాన్ని ఎక్కడ నమ్మకూడదో అర్థమవుతుంది. కొనేవాళ్ళకు నా సలహా, పొడవైన పారదర్శక పలక, 2 డిగ్రీల విభజనలు, 1:25,000, 1:50,000 పటాలకు కొలబద్దలు, చలికి వేళ్ళు మొద్దుబారినా తిప్పగలిగేంత పెద్ద చక్రం. అద్దం మూత ఉన్నవి దూరపు శిఖరాలకు కచ్చితమైన కోణం ఇస్తాయి కానీ, మంచులో శిఖరమే కనిపించదు, పలక మడిచి పటం మీద పెట్టడం చిరాకు. ద్రవంలో చిన్న బుడగ ఉంటే పరవాలేదు, ముల్లును అడ్డుకునేంత పెద్దదైతే మార్చాలి. ఫోను ఉండనివ్వండి, నేనూ తీసుకెళ్ళాను. తడి చేతికి తెర స్పందించకపోవడం, చలికి బ్యాటరీ పడిపోవడం రెండూ చూశాను.

తారుమారైన నా దిక్సూచిని శిక్షకురాలు రెండో రోజు ఉదయమే బలమైన అయస్కాంతంతో రుద్ది సరిచేశారు, ముల్లు మీద నమ్మకం కుదరక కొండ మీద మాత్రం చెల్లిదే వాడాం. ఇప్పుడది సరిగ్గానే చూపిస్తోంది. అయినా తిరుగు రైల్లో కూర్చోగానే చెల్లి తనది తీసి దాని పక్కన పెట్టింది. రెండు ఎర్ర కొనలూ ఒకే వైపు తిరిగాక తాడు మెడలో వేసుకున్నాను. ఫోను పైన సంచిలో పెట్టాను.